తెగని పాలధార

మనవరాలి గ్లాసులో పాలు పడుతున్న చప్పుడుకు నా చెయ్యి ఇప్పటికీ బిగుసుకుంటుంది. ధార తెగకుండా చూసుకుంటాను. షార్జాలో మా పక్క ఫ్లాటులో ఉండిన కమలాంబగారు నేర్పిన పని అది.

ఎడారిలోని రువైస్ చమురు రిఫైనరీలో ఉద్యోగ విరమణ చేశాక నేనూ, నా భార్య పద్మా షార్జాలో మా అబ్బాయి దగ్గరికి చేరాము. కరోనా అందరినీ ఇళ్ళలో కూర్చోబెట్టిన ఏడాది, సాయంత్రాలు పక్కపక్క బాల్కనీల్లోంచి మాట్లాడుకునేవాళ్ళం. కమలాంబగారికి ఎనభై దాటాయి. ఆవిడ తల్లి మూకీల కాలంలో మద్రాసులో కథానాయిక.

"మాటలే లేని సినిమాకి సెట్లో ఏం మాట్లాడేవారండీ?" అని పద్మ అడిగింది.

"ఏదో ఒకటి. మా అమ్మ ఎక్కాలు చదివేదట. కళ్ళేమో మొగుడు చచ్చాడని ఏడుస్తుంటే, నోరు పదమూడు రెళ్ళు ఇరవయ్యారు!"

మాటల సినిమాలు రాగానే గొంతు బొంగురని ఆ తల్లిని పక్కన పెట్టారు. కథానాయికగా కారు దిగిన స్టూడియోలోనే కొత్త తారలకు జడలు అల్లి బతికింది. ఆవిడ నటించిన రీళ్ళను గాజులవాళ్ళకు అమ్మేశారు. వాటిని కడిగి, కరిగించి గాజులు చేశారట. "మా అమ్మ మొహం ఏ మహాతల్లి చేతికెక్కిందో" అనేవారు కమలాంబగారు. తను మాత్రం ఏనాడూ గాజులు వేసుకోలేదు.

మిగిలింది తల్లి నేర్పిన ఒక్క సీను. బిడ్డకు పాలు పోస్తుండగా, గుమ్మంలోంచి ఒకడు భర్త పోయాడని సైగ చేస్తాడు. బిడ్డకు తెలియకూడదు. బాల్కనీలో చేసి చూపిస్తుంటే, కమలాంబగారి చూపు గ్లాసు అంచు దాటి ఎక్కడికో వెళ్ళి, తిరిగొచ్చి, బిడ్డను చూసి నవ్వేది. ధార తెగేది కాదు. తన వాళ్ళెవరికీ అది పట్టలేదు. తనతోనే పోతుందన్నదే ఆవిడ దిగులు.

నేను ప్రతి కదలికా డైరీలో రాసి చదివి వినిపించాను.

"రాస్తే ఏమొస్తుంది రావుగారూ? చెయ్యండి."

"నా మొహానికి నటనేమిటండీ?"

"వాల్వులు తిప్పిన మొహమని తెలుస్తూనే ఉంది. ఏడుపు రాకపోతే పోనీండి, ధార తెగనివ్వకండి."

చెంబుతో నీళ్ళు పోస్తూ సాధన చేసేవాణ్ణి. సగం కింద పోయేవి. "ఖలాస్! బిడ్డకు పస్తు, బాల్కనీకి స్నానం" అని పద్మ పగలబడి నవ్వేది.

కమలాంబగారికి జ్వరం వచ్చి అంబులెన్సులో తీసుకెళ్ళారు. కొద్ది రోజులకే పద్మా మంచాన పడింది. విడిగా గదిలో పడుకోబెట్టాం. బెంగపడే కబుర్లేవీ చెప్పొద్దన్నాడు డాక్టరు. గుమ్మం దగ్గర నిలబడి పద్మకు పాలు పోస్తుండగా ఫోను మోగింది. భుజానికీ చెవికీ మధ్య పెట్టుకున్నాను. కమలాంబగారి అబ్బాయి.

"అంకుల్, అమ్మ పోయింది. ఇండియాకి పంపరట. మొహం కూడా చూడనివ్వలేదు."

"సరే బాబూ" అన్నాను. నా చూపు గ్లాసు అంచు దాటి వెళ్ళింది. తిరిగొచ్చింది. పద్మను చూసి నవ్వాను. ధార తెగలేదు.

ఆ సీను రోజూ చూసిన మనిషి పద్మ. దిండు మీంచి తల కొంచెం ఎత్తింది.

"కమలాంబగారు పోయారా?"

నేను గ్లాసు నిండేదాకా పోస్తూనే ఉన్నాను.

"ఈసారి బాగా వచ్చిందండీ" అంది.

ఆ వారంలోనే తనూ పోయింది.

ఆ సీను తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. పొద్దున్నే పాలు పోస్తుంటే మనవరాలు నా మొహంలోకి చూస్తుంది.

"తాతా, పెదాలెందుకు కదుపుతున్నావు?"

"ఎక్కాలు చదువుకుంటున్నానమ్మా" అని నవ్వుతాను.