పిన్నికి చెప్పిన ఫొటోలు

ఎంఏ రెండో ఏడాదిలో మా క్లాసువాళ్లంతా ఒక ఆదివారం అనంతగిరి కొండలకు వెళ్లారు. నేను వెళ్లలేదు. తార్నాకలో ఒక్కతే ఉండే మా పిన్నికి ముందురోజే కంటి ఆపరేషన్ అయింది. రెండో కన్ను ఎప్పటినుంచో మసక. పక్కనే క్యాంపస్ హాస్టల్లో ఉన్న నేనే ఆమెకు దగ్గరి మనిషిని. కంట్లో చుక్కలు వేయాలి, వంట చేయాలి.

వెళ్లనందుకు బాధేమీ లేదనుకున్నాను, బస్సు కదిలిన వీడియో గ్రూపులో వచ్చేదాకా. ఆ తర్వాత ఫోన్ పక్కన పెట్టబుద్ధి కాలేదు. కుక్కర్ పెట్టి ఫోన్ చూశాను, చుక్కలు వేసి మళ్లీ ఫోన్ చూశాను. ఒకరి స్టోరీ అవగానే ఇంకొకరిది. ఏ ఫొటో చూసినా అందులో నేను లేకపోవడమే కనిపించేది. నేను లేకుండా వీళ్లు ఇంత బాగా ఎలా నవ్వుతున్నారు?

నల్లద్దాలతో మంచం మీద పడుకున్న పిన్ని అంది, "ఏంటే ఆ నిట్టూర్పులు? ఫోన్లో ఏముందో నాకూ చెప్పు. పొద్దుపోక చస్తున్నాను."

"మా క్లాసువాళ్ల ఫొటోలు పిన్నీ."

"చెప్పు మరి. చెట్లు పచ్చగా ఉన్నాయా? ఏం తింటున్నారు?"

పిన్ని రిటైరైన టీచరు, అంత తేలిగ్గా వదలదు. ఆమెకు జవాబు చెప్పాలంటే ఒక్కో ఫొటోను నింపాదిగా చూడాల్సి వచ్చింది. పులిహోర పొట్లాలు. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని ఫోజిచ్చిన మా క్లాసు లీడరు. ఇద్దరం నవ్వుకున్నాం.

"అందరూ ఉన్న ఫొటోలో చివర ఎవరు నిలబడ్డారు?"

నా రూమ్మేట్. వాళ్లది వరంగల్ దగ్గరి పల్లె. అన్ని ఫొటోల్లోనూ చివరే ఉంది, ముఖం వాడిపోయి. అదే పిన్నికి చెప్పాను.

"ఒంట్లో ఎలా ఉందో కనుక్కో" అంది పిన్ని. ఫోన్ చేశాను.

"మలుపులల్ల వాంతులైనయ్. గిప్పుడు మంచిగనే ఉన్న" అంది రూమ్మేట్. మళ్లీ తనే అంది, "నాకు బస్సు పడదని తెల్సు. రాకపోతే రేపు అందరూ గిదే ముచ్చట పెడ్తరు, నేనొక్కదాన్నే ఏం తెల్వక కూసుంటా అని వచ్చిన. నువ్వేం చేస్తున్నవ్?"

"బీరకాయ కూర వండాను."

"అబ్బ, నాకు జర ఉంచు. తార్నాకల దిగుతా."

సాయంత్రం వచ్చి, పిన్ని మంచం పక్కనే కింద కూర్చుని రెండుసార్లు వడ్డించుకు తింది. పిన్ని అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. ఆ రాత్రి ముగ్గురం అక్కడే పడుకున్నాం.

సోమవారం క్లాసులో అందరూ నిన్నటి ప్రయాణంలోని ఏదో మాట అనుకుని పగలబడి నవ్వారు. నాకు అర్థం కాలేదు. మనసు కాస్త చివుక్కుమంది. ఏమిటని అడిగితే చెప్పారు. అంత నవ్వొచ్చే సంగతేమీ కాదు.