నేను పెట్టని టైపింగ్ పరీక్ష

ఇన్నేళ్లుగా ఈ బరువు నాతోపాటే దేవుడి గదిలోకి వస్తోంది, దణ్ణం పెట్టి లేస్తే మళ్లీ నాతోనే బయటికి వస్తోంది. ఇవాళ మీకు చెప్పేస్తాను. జాలిపడకండి.

మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో, బాబుపేట్‌లో ఆడపిల్లలకు కంప్యూటర్ నేర్పే చిన్న సెంటర్ మాది. నేను బడికి వెళ్లలేదు. బొగ్గుగనిలో డ్యూటీ దిగి వచ్చి నాన్నే ఇంట్లో చదువు చెప్పాడు. అలాంటి నన్ను నమ్మి సెంటర్ కమిటీవాళ్లు ఒక పని అప్పగించారు. అందుకు ఈరోజుకీ కృతజ్ఞురాలిని. మా కంప్యూటర్లు పాతవి; ఇక కొత్త విండోస్‌కు మారడం మేలా, ఉచితంగా దొరికే లినక్స్ మేలా? పరీక్షలు నువ్వే ఎంచు, అన్నారు.

విండోస్ అంటే కొత్త కంప్యూటర్లు కొనాలి. కొనలేం. సెంటర్ మూతపడుతుంది. అందుకని లినక్స్ గెలిచే పరీక్షలే ఎంచాను: ఆన్ కావడం, ఫైళ్లు తెరవడం, కాపీ చేయడం.

ఒకటి వదిలేశాను. రాజక్క టైపింగ్.

రాజక్క కోర్టు కాగితాలు మరాఠీలో టైపు చేసి బతికేది, మా పిల్లలకూ అదే నేర్పేది. ఆమె వాడే పాత సాఫ్ట్‌వేర్ విండోస్ కోసం చేసింది. లినక్స్‌లో దాన్ని ఎలాగో నడిపించి ముందే చూశాను. మీట నొక్కిన కాసేపటికి గానీ అక్షరం పడలేదు. చూశాను, ఆపేశాను, ఎవరికీ చెప్పలేదు. నేను చూపిన అంకెల్లో ఒక్కటీ అబద్ధం కాదు. ఎంపికే అబద్ధం.

లినక్స్ గెలిచి సిస్టం మారాక ఒకరోజు రాజక్క తన చేతులు చూసుకుంటూ అడిగింది.

"ఏంది చెల్లె, నేను కొట్టేది ఇయ్యాల, అక్షరం వచ్చేది రేపా? ఎడ్లబండి నయం."

"అలవాటైతది అక్కా."

"మిషనుకు ముసల్తనం రాదు గదా. నా వేళ్లకే వచ్చినట్టుంది."

కాదు అనాలి. ఆ మాట నోటిదాకా వచ్చింది. నవ్వేశాను. కొన్నాళ్లకు ఆమె సెంటర్‌కు రావడం మానేసింది. తర్వాత, తన వేళ్లు ఇక సాగవనుకుని, కోర్టు పనీ వదిలేసింది.

సెంటర్ నిలిచింది. దేవుడి దయ. ఆ రోజే మళ్లీ వస్తే మళ్లీ లినక్స్‌నే గెలిపిస్తాను, దానికి ఎవరి ముందూ తల వంచను. కానీ గెలిచాక నిజం చెప్పడానికి అడ్డేమిటి? సెంటర్ కోసమే దాచానా, నన్ను నమ్మినవాళ్ల ముందు చిన్నబోతాననా? రెండోదే.

రాజక్క ఇప్పుడు రాజురా అనే ఊళ్లో కూతురి దగ్గర ఉంది. తెలుగు మాట్లాడుతుంది గానీ చదవడం రాదు. అందుకే ఇంత ధైర్యంగా రాస్తున్నానా? కావచ్చు. అయినా రాస్తాను.

రాజక్కా, నీ వేళ్లకేం కాలేదు. ఆలస్యం మిషనుది. నాకు ముందే తెలుసు.