వెంకోబరావు సార్ ఉంచుకోని సంతకం

మొన్న మా ఆఫీసు మెట్లెక్కుతుంటే పక్క జెరాక్స్ షాపులోంచి వేడి కాగితం వాసన కొట్టింది. వెంకోబరావు సార్ గది కళ్ళముందుకొచ్చింది. రాయచూరు బజారులో మేడమీద చిన్న గది, గోడలు కనపడకుండా ఫైళ్ళు, ఆయన నోట్లో ఎప్పుడూ సోంపు. ఆయన ఆడిటరు. పోయి మూడేళ్ళయింది. ఆయన పెట్టిన చివాట్లు మాత్రం నాకింకా నిన్నటివిలాగే ఉన్నాయి.

కవితాళ, అరకేర వైపు ఊళ్ళవాళ్ళకు ఫోన్‌లో వీడియో ద్వారా వైద్యం చెప్పే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ పెడదామని నేనూ, నాతో డాక్టరీ చదివిన కిరణూ అనుకున్నాం. పత్రాలు చేసిపెట్టమని సార్ దగ్గరికి వెళ్ళాం. కంపెనీ పత్రాల మీద డైరెక్టర్లు కలంతో సంతకం పెట్టరు. పెన్‌డ్రైవ్ లాంటిదొకటి ఇస్తారు. కంప్యూటర్‌కు పెట్టి పిన్ కొడితే అదే మన సంతకం. ఊళ్ళో వ్యాపారస్థులందరూ ఆ పిన్ను చీటీ మీద రాసి, దానికే రబ్బరుబ్యాండుతో చుట్టి, ఆడిటరు సొరుగులో పడేసి పోతారు. నేనూ అలాగే ఆయన బల్లమీద పెట్టాను.

"ఇదేంది?" అన్నారు సార్.

"మీ దగ్గరే ఉంచండి సార్. మాటిమాటికీ ఎవరొస్తారు?"

"నీ చెయ్యి గూడ కోసి ఈడ పెట్టిపోతవా? తీస్కపో!"

అందరిముందూ నాకు తల కొట్టేసినట్టయింది. ముసలాయన చాదస్తం అనుకున్నాను. కంపెనీ నమోదైంది. తర్వాత దాఖలు చెయ్యాల్సిన ఫారాల కోసమని కిరణ్ అడిగితే, చీటీతో సహా అతని చేతిలో పెట్టేశాను. స్నేహితుడేగా! ఆ బుద్ధితక్కువ పనికి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు.

నాలుగు నెలలకు కవితాళ నుంచి మందుల షాపాయన ఫోన్ చేశాడు. "మేడం, ఏడో నెల గర్భిణికి గీ ఒళ్ళునొప్పుల మాత్ర రాసిన్రేంది? కడుపుల బిడ్డకు ముప్పు గద! నేనైతే ఇయ్యలే." మందుల చీటీ ఫోటో పంపాడు. కింద నా పేరు, నా రిజిస్ట్రేషన్ నంబరు, నా సంతకం. ఆమెను నేను చూడనే లేదు!

ఒళ్ళు మండిపోయి కిరణ్‌ను నిలదీశాను. ఇంకా డాక్టర్లు కాని విద్యార్థుల చేత రోగులతో మాట్లాడించి, ఆ మందుల చీటీలన్నిటి మీదా నేనిచ్చిన పిన్‌తోనే నా సంతకం కొట్టిస్తున్నాడు. పైగా నవ్వుతూ, "ఎందుకంత కంగారు? మనది లిమిటెడ్ కంపెనీ. ఏదైనా అయితే కంపెనీకే, మనదాకా రాదు" అన్నాడు. సిగ్గులేని మనిషి!

సార్ ముందు కూర్చుని ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. "లిమిటెడంటే కంపెనీ అప్పులకు హద్దు ఉంటదమ్మ. డాక్టరు రాసే మందుకు ఏం హద్దు? అది నీ జిమ్మేదారి. వాడు చేసింది లుచ్చాపని. మరి పిన్ గూడ రాసిచ్చిన నిన్నేమనాలె?" అని బల్ల గుద్దారు. ఆ రోజే నా సంతకం రద్దు చేయించారు. నా రాజీనామా, కిరణ్ మీద ఫిర్యాదు రాయించారు. పంపేముందు మాత్రం ఆగారు.

"ఫస్టు కవితాళకు పో. ఆ గర్భిణికి నీ మొఖం చూపిచ్చి రా."

"వెళ్ళి ఏం చెప్పను సార్?"

"జరిగింది చెప్పు. ఇంకేం చెప్తవ్?"

వెళ్ళాను. ఆమె పేరు ఈరమ్మ. కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, నేను చెప్పిందంతా విన్నది. "నిన్ను నేనేడ చూసిన అక్కా? కాయిదం మీద డాక్టరమ్మ పేరుందని నమ్మిన. షాపాయన ఆపకుంటే మింగేదాన్ని" అంది. కోపంగా కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

తర్వాత నేనొక్కదాన్నే మళ్ళీ కంపెనీ పెట్టుకున్నాను; పత్రాలు సారే చేశారు. కిరణ్ ఇప్పుడు ఇంకో పేరుతో అదే వ్యాపారం దర్జాగా నడుపుతున్నాడు, నా ఫిర్యాదు ఏ బల్లమీద పడుందో తెలియదు. తలుచుకుంటే రక్తం మరుగుతుంది. నేను మాత్రం మందు రాసే ముందు ప్రతి ఒక్కరినీ "నా ముఖం కనిపిస్తోందా?" అని అడుగుతాను. కనిపించడం లేదంటే, ఎంత తొందరున్నా సంతకం పెట్టను.