దీపాలు వెలిగాక

నా డైరీలో ఒక పేజీ ఉందని ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

ధర్మపురి కాలేజీలో మా సోషియాలజీ మేడమ్ ఏళ్ల తరబడి కొచ్చి యూదు స్త్రీల మీద పరిశోధన చేశారు. ఎవరింటికెళ్లినా ముందుగది మగవాళ్లను దాటుకుని వంటింట్లో కింద కూర్చునేవారు. శుక్రవారం సాయంత్రం ఆ ఇల్లాళ్లు విశ్రాంతిదినపు దీపాలు వెలిగించారంటే మరునాటి పొద్దుగూకేదాకా ఏదీ రాయరు. మేడమ్ కూడా రాసేవారు కాదు, నోట్సు రాయడానికి వెంట వెళ్లే విద్యార్థినినైన నన్నూ రాయనిచ్చేవారు కాదు.

"నీ పెన్నుకూ రెస్టియ్యి పాపా, వాళ్లింట్లో ఉండాము గదా!"

ఒక శుక్రవారం దీపాల ముందు ఒక ముసలామె, చిన్నప్పుడు తనను బడి మాన్పించాక అన్నయ్య పుస్తకాలు దొంగతనంగా చదివిన సంగతి తొలిసారి చెప్పింది. నేను చాటుగా పెరట్లోకెళ్లి అంతా డైరీలో రాసేసుకున్నాను. మరునాడే మేడమ్ జబ్బుపడ్డారు. నెలలోపే ముసలామె పోయింది.

ఆసుపత్రిలో మేడమ్ నా చెయ్యి పట్టుకున్నారు. ఆ పేజీ సంగతి చెబితే నన్ను ఏవగించుకుంటారని తల దించుకున్నాను.

"ఆ అవ్వ చెప్పిందంతా మరిచిపోయినాను పాపా. నీకేమన్నా గ్యాపకముండాదా?"