తిరిగి చెప్పకపోతే ఆగాలి

నా చిన్నప్పుడు, వేసవి సెలవులు ముగిసి మర్నాడు బడి తెరుస్తారనగా ఒక ఆదివారం సాయంత్రం. ఉన్నవాళ్లం: నేను, రైలింజను డ్రైవరుగా పనిచేసి రిటైరైన మా తాతయ్య, గేటు పట్టుకుని అమ్మ, ప్రహరీ గోడెక్కి పక్కింటి అన్న.

ఆరో తరగతికి నా బడి మెయిన్ రోడ్డు అవతల పడింది. సైకిలు మీదే వెళ్తానని నా పట్టు. చిన్నపిల్లలతో కిక్కిరిసిన రిక్షాలో పంపుతానని అమ్మ పట్టు. లాలాగూడ వీధుల్లో నన్ను తిప్పి చూసి, తాతయ్య సరేనంటే సైకిలు, లేదంటే రిక్షా.

తాతయ్య షరతు ఒకటే. ఇంజన్లో డ్రైవరు సిగ్నల్ చూసి పైకి చెబుతాడు. పక్కనున్న అసిస్టెంటు తన కళ్లతో చూసి అదే మాట తిరిగి చెబుతాడు. ఇక్కడ నేను డ్రైవరును, వెనక సైకిలు మీద వచ్చే తాతయ్య అసిస్టెంటు. ఆయన తిరిగి చెప్పకపోతే నేను ఆగాలి.

"ముంగట బర్రె," అన్నాను సిగ్గుతో.

"ఇనవడ్తలేదు. ఇంజన్ల గిట్ల గొణిగితే నౌకరీ పోతది."

"ముంగట బర్రె!"

"ముంగట బర్రె!" తాతయ్య గొంతుకు బర్రె కూడా తిరిగి చూసింది.

"ఏందే, రైలొచ్చిందా? టికెట్ యాడ?" గోడ మీది అన్న పడీపడీ నవ్వాడు.

రెండు మలుపులు తిరిగేసరికి సిగ్గు ఎగిరిపోయింది. ఎడమకు తోపుడు బండి! కుడికి స్కూటర్! టీ హోటల్ ముందు నిలబడ్డ రైల్వే వర్క్‌షాపు కార్మికులు సాసర్లు పట్టుకుని మమ్మల్నే చూస్తున్నారు. రాజధాని ఎక్స్‌ప్రెస్ నడుపుతున్నంత సంబరం నాకు!

మెయిన్ రోడ్డు వచ్చింది. కుడివైపు బస్టాపులో బస్సు ఆగి ఉంది. "దారి ఖాళీ!" అని అరిచాను. వెనక నుంచి మాట లేదు. ఒళ్లు మండిపోతున్నా కాలు నేల మీద పెట్టాను. "చెప్పవేంది తాతా?" అంటుండగానే బస్సును దాటుకుని ఒక ఆటో నా ముందు నుంచి దూసుకుపోయింది.

"నీకు ఖాళీ కనవడ్డది బిడ్డా. నాకు బస్సు కనవడ్డది. దాని ఎనక ఏమున్నదో నాకేం ఎరుక?"

ఇక రిక్షా తప్పదనుకున్నాను. ఇంటికి రాగానే అమ్మ అడిగింది, "ఏమంటరు మామా?" తాతయ్య సైకిలుకు స్టాండు వేస్తూ, "కోపం జెర ఎక్కువ. అయినా ఆగింది. పోనియ్," అన్నాడు.

మర్నాడు పొద్దున ఒంటరిగా బయలుదేరాను. మెయిన్ రోడ్డు దగ్గర మళ్లీ బస్సు. వెనక తాతయ్య లేడు. "కుడికి బస్సు!" అని ఆగిపోయాను. నా వెనక వరసగా బ్రేకులు కీచుమన్నాయి. ముందురోజు టీ హోటల్ దగ్గర మా కేకలు విన్న వర్క్‌షాపు కార్మికులే, రాత్రి షిఫ్టు దిగి సైకిళ్ల మీద ఇళ్లకు వెళ్తున్నారు.

"కుడికి బస్సు!" అని ఒక లావు గొంతు. ఆ తర్వాత అందరూ! బస్సు కదిలింది. వాళ్లు ముందుకొచ్చి రోడ్డుకు అడ్డంగా నిలబడ్డారు. స్కూటర్లు, ఆటోలు హారన్లు కొడుతూనే ఆగాయి. "దారి ఖాళీ! నడువు డ్రైవరమ్మా!"

సైకిళ్లకు వేరే దారి కావాలని మా కాలనీవాళ్లం ఇప్పుడు అడుగుతున్నాం. ఆ పొద్దున వాళ్లు నాకు ఆ దారి వేశారు. ఈనాటికీ రోడ్డు దాటబోతే వెనక ఆ గొంతులు వినిపిస్తాయి. వినిపించేదాకా నేల మీది కాలు తీయను.