రేవులో ముంచిన సీసా

1978 మార్చి 6, సోమవారం ఉదయం ఏడుంపావుకు బందరు బస్సు దిగి సముద్రపొడ్డు ఉప్పు చెరువులో మొదటి సీసా ముంచాను. ఎండలకు నీళ్లు ఆవిరై ఆ చెరువు సముద్రం కన్నా ఉప్పెక్కుతుంది. ఉప్పు హద్దు దాటితే చెరువుకూ సముద్రానికీ మధ్యనున్న ఇసుకమేట తవ్వించి సముద్రపు నీళ్లు వదలాలని మా కాలేజీ పరిశోధకులు అధికారులను ఒప్పించారు. కొలత నాది. బస్సు ఆగేచోటికి దగ్గరని ఎప్పుడూ ఒకే రేవులో ముంచాను. ఎనిమిది సోమవారాలూ ఉప్పు తక్కువే వచ్చింది. మేట తవ్వలేదు.

తొమ్మిదో సోమవారం వెళ్లేసరికి చేపలు చచ్చి తేలుతున్నాయి.

“పొలాల మురుగుకాలవ చప్పనీళ్లు కలిసేది ఈ రేవులోనే గదండీ, పంతులమ్మగారూ!” అంది చేపలు పట్టే ఆవిడ. “చీర తడవకుండా చెరువు కొలిచారా?”

ఆవిడ పడవలోనే చెరువు మధ్యకు వెళ్లి కొలిచాను. ఉప్పు హద్దుకు రెట్టింపు ఉంది. నాలుగో రోజున మేట తవ్వారు.

పోయినవి: ఆ ఏటి రొయ్యలన్నీ, పండుగప్ప చేపల్లో సగం, ఆరు కుటుంబాలకు వేసవి వేట.