చదవని చీటీ

ఎన్నో ఏళ్లుగా ఈ మాట గొంతు దాటలేదు. పెళ్లాం పిల్లలకు చెప్పలేనిది మీకెందుకు చెబుతున్నాను? మీకు నా ముఖం తెలియదు కాబట్టేమో.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. బేతంచెర్లలో ఒక డాక్టరు దగ్గర కాంపౌండరుగా ఉండేవాణ్ని. నాకు ఇంగ్లీషులో మందుల పేర్లు తప్ప వాక్యాలు చదవడం రాదు. ఆ సంగతి ఎవరికీ తెలియనివ్వలేదు.

ఒకరోజు డాక్టరు లేనప్పుడు నర్సమ్మవ్వ అనే ముసలామె తన కోడలు ఓబుళమ్మను వెంటబెట్టుకొని వచ్చింది. అవ్వ తన కాలి నరంలో నెత్తురు గడ్డకడితే మద్రాసులో చూపించుకొని, నెత్తురు పలచబడే బిళ్లలు వాడుతోంది. అక్కడి డాక్టరు రాసిన చీటీ నా చేతికిచ్చింది.

“ఏమప్పా, మోకాళ్లు శానా నొస్తాండాయి. ఆస్ప్రిన్ బిళ్ల ఏసుకోవచ్చునా? దీంట్లో ఏముండాదో సదివి చెప్పు.”

ఇంగ్లీషులో గొలుసుకట్టు రాత. ఆస్ప్రిన్ అన్న మాట ఒక్కటే పోల్చుకున్నాను. దాని చుట్టూ ఉన్నది అర్థం కాలేదు. డాక్టరు వచ్చేదాకా ఆగమంటే నాకు పోయేదేముంది? కానీ ఇద్దరూ నా ముఖంలోకే చూస్తున్నారు.

“ఏసుకోమనే రాసినాడవ్వా. పూటకు రెండు ఏసుకో,” అని పొట్లం కట్టి ఇచ్చాను.

వారం తిరక్కముందే అవ్వ నెత్తురు కక్కుకుంది. డాక్టరూ నేనూ వెళ్లేసరికి ప్రాణం పోయింది. తిరిగి వస్తూ దారిలో డాక్టరు అన్నాడు, ఆ బిళ్లల మీద ఆస్ప్రిన్ పడితే కడుపులో నెత్తురు కారి ఆగదని. ఎవరైనా ఇచ్చారా అని అడిగాడు. తెలీదు సార్ అన్నాను.

మర్నాడు డాక్టరు అడిగాడని అబద్ధం చెప్పి ఓబుళమ్మ దగ్గర చీటీ తీసుకున్నాను. స్టవ్వు మీద పెట్టి కాల్చేశాను.

డాక్టరు నా మాట నమ్మాడు. ఆ ఇంట్లో బిళ్లల మీద ఎవరికీ అనుమానం రాలేదు. కోడలు పెట్టిన ఉలవచారుతో ఒంటికి వేడి చేసి ముసలామె పోయిందని ఇంటిల్లిపాదీ అన్నారు. మొగుడు ఓబుళమ్మను నందికొట్కూరులోని పుట్టింటికి పంపేశాడు. బస్సు దగ్గర నన్ను చూసి ఆగింది.

“నువ్వన్నా ఒక మాట చెప్పప్పా. నా చేతి కూడు తిని ఎవురన్నా సస్తారా?”

ఆమె పెట్టె ఎత్తి బస్సులో పెట్టాను. ఒక్క మాట చెబితే ఆమె కాపురం నిలిచేది. నా ఉద్యోగం పోతుందని భయపడ్డానా, నాకు ఇంగ్లీషు చదవడం రాదని తెలిసిపోతుందని సిగ్గుపడ్డానా? రెండోదే ఎక్కువని ఇప్పుడనిపిస్తుంది. అది ఇంకా నీచం. ఆమె మళ్లీ కాపురానికి రాలేదు.

క్షమించమని అడగను. అడగాల్సిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండో ఆమె ముందుకు వెళ్లే ధైర్యం నాకు లేదు. నర్సమ్మవ్వను చంపింది నేనిచ్చిన బిళ్లలు. ఓబుళమ్మ ఏ పాపమూ ఎరగదు. ఈ మాట కాగితం మీద పెట్టడానికి ఇన్నేళ్లు పట్టింది. అయినా పెట్టాను.